ఇసుకరాళ్ల దగ్గర వేసిన మార్కులు

నాది పిసినారి చెయ్యి అని మా హైస్కూల్లో అందరికీ తెలుసు. ఇప్పుడు చెప్పబోయే సంగతి జరిగేనాటికి పొన్నూరు దగ్గర ఒక పల్లెలో ఇరవై రెండేళ్లుగా సాంఘికశాస్త్రం చెబుతున్నాను. అన్నేళ్లలో నా దగ్గర వందకు అరవై దాటిన పిల్లలను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. అరవై ఆరు ఒక్కసారే వేశాను, అదీ రెండు రోజులు ఆలోచించి. పదో తరగతి పేపర్లు దిద్దే క్యాంపులో చీఫ్ ఎగ్జామినర్ నా బల్ల దగ్గరికి వచ్చి, "మేడం గారూ, చెయ్యి కాస్త వదలండి, మీ ఇంట్లోంచి తెచ్చి ఇవ్వడం లేదు కదా" అనేవాడు. నేను వదిలేదాన్ని కాదు. నేను చదువుకున్న రోజుల్లో అరవై వస్తే ఫస్ట్ క్లాసు. ఫస్ట్ క్లాసు వచ్చిన ఇంట్లో వీధంతా మిఠాయి పంచేవారు. ఆ లెక్క నా తలలో అలాగే ఉండిపోయింది. కాలం మారిందని ఎవరూ చెప్పలేదని అనను. చెప్పారు, నేనే వినలేదు.

ఈ గొడవంతా ముందుగా ఎందుకు చెబుతున్నానంటే, ఒక మనిషి బతుకుతెరువు ఒకసారి నా చేతికి వచ్చింది.

రెండు వేల సంవత్సరం దాటి రెండు మూడేళ్లయి ఉంటుంది. అప్పుడు నేను బ్రాడీపేటలో ఒక మేడ మీద అద్దెకుండేదాన్ని. కింది వాటాలో కోచింగ్ సెంటరు. పొద్దున్నే పిల్లలు సూత్రాలు వల్లెవేస్తుంటే ఆ రొదకు నాకు అలారం అక్కర్లేకుండా మెలకువ వచ్చేది. మా వీధిలోనే రిటైరైన ఒక పెద్దాయన చిన్న సంఘం పెట్టి ఆదివారాలు ప్రకృతి యాత్రలు నడిపేవాడు. ఒక్కో యాత్రకు ఆరుగురికి మించి తీసుకువెళ్లడు. కొండో, చెరువో, పక్షులో ఏదో ఒకటి చూపించి సాయంత్రానికి ఇల్లు చేరుస్తాడు. ఆయన్ని అందరూ కార్యదర్శి గారు అనేవారు. సంఘానికి అధ్యక్షుడెవరో నాకు ఇప్పటికీ తెలియదు.

ఆ డిసెంబరులో ఇసుకరాతి గుట్టలకు యాత్ర అని తెలిసి నేనూ పేరు ఇచ్చాను. గుట్టలు ప్రకాశం జిల్లాలో ఉన్నాయి. చిలకలూరిపేట దాటి, అద్దంకి వైపు మళ్లి, ఆ తర్వాత చేల మధ్య మట్టిదారిలో లోపలికి పోవాలి. అయిదున్నరకల్లా వ్యాను బయలుదేరింది. మేము ఆరుగురం. బ్రాడీపేటలోనే క్లినిక్కు నడిపే డాక్టరు దంపతులు, మా కింది వాటా కోచింగ్ సెంటర్లో లెక్కలు చెప్పే లెక్చరరు, బ్యాంకులో పనిచేసే అక్కచెల్లెళ్లు ఇద్దరు, నేను. అక్కచెల్లెళ్లు ఆదివారం ప్రార్థన మానుకుని వచ్చామని దారంతా బాధపడుతూనే అందరికంటే ఎక్కువ ఇడ్లీలు తిన్నారు.

చిలకలూరిపేట దాటాక కార్యదర్శి గారు ముందు సీట్లోంచి వెనక్కి తిరిగారు.

"ఇవాళ మీకు గుట్టలు చూపించే ఆయన ఆ ఊరివాడే. ఈ చోటికి ఒక మనిషిని నెల జీతం మీద పెట్టుకోవాలనుకుంటున్నాం. ఈయనొకడు, ఒంగోలులో డిగ్రీ చదివిన కుర్రాడొకడు. కుర్రాడి వంతు పోయిన వారం అయిపోయింది. ఇవాళ ఈయన వంతు. సాయంత్రం మీకు తలా ఒక కాగితం ఇస్తాను, వందకు మార్కులు వెయ్యండి. మీ మార్కుల మీదే ఉంది."

"అంటే ఇవాళ మనం ఎగ్జామినర్లమన్నమాట" అని లెక్కల లెక్చరరు నవ్వాడు.

మిగతా వాళ్లూ నవ్వి మళ్లీ ఇడ్లీ పొట్లాల్లో పడ్డారు. నేను మాత్రం సర్దుకుని కూర్చున్నాను. సంచిలో ఎప్పుడూ ఉండే చిన్న నోటు పుస్తకం తీసి, పేజీకి మధ్యలో నిలువుగా గీత గీశాను. ఎడమ పక్క వెయ్యాల్సినవి, కుడి పక్క కొయ్యాల్సినవి. నాకు తెలిసిన గౌరవం అదే. ఒక మనిషికి పరీక్ష పెడితే ఆ పరీక్షను సరిగా పెట్టాలి.

అతను మట్టిదారి చివర ఒక వేపచెట్టు కింద నిలబడి ఉన్నాడు. నలభై అయిదేళ్లుంటాయి. సన్నటి మనిషి, ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా. చొక్కా మడతలు చూస్తే ఆ రోజు కోసమే ఇస్త్రీ చేయించినట్టు తెలుస్తోంది. ముస్లిం. ఇంట్లోనూ పొలంలోనూ మాట్లాడేది తెలుగే. వాళ్ల నాన్న ఈ గుట్టల్లోంచే సానరాళ్లు కొట్టి, కొడవళ్లకూ కత్తులకూ పదును పెట్టుకునేవాళ్లకు ఊరూరా తిరిగి అమ్మేవాడట. చిన్నప్పుడు ఇతనూ ఆ పని చేశాడు. మిషను మీద చేసిన సానరాళ్లు కొట్లలోకి వచ్చాక ఆ పని పోయింది. ఇదంతా అతను నడుస్తూ, ముందుకే చూస్తూ, మాకు వీపు పెట్టి చెప్పాడు. క్లాసులో బోర్డు వైపు తిరిగి పాఠం చెప్పే మాస్టారంటే నాకు గిట్టదు. కుడి పక్కన మూడు మార్కులు కోశాను.

గుట్టలు పెద్దవేం కాదు. దూరం నుంచి చూస్తే చేలకు అడ్డంగా ఎవరో మట్టి పోసి వదిలేసినట్టే ఉంటాయి. ఒక పక్క పత్తి విచ్చుకుని ఉంది, ఇంకో పక్క మిరప ఎర్రబడుతోంది. దగ్గరికి వెళ్లాక రంగులు కనపడ్డాయి. పసుపు, ఇటుక ఎరుపు, మధ్యమధ్య తెల్లటి చార.

మొదటి రాయి దగ్గర అతను బ్యాంకు చెల్లెలి చేతిలోని మంచినీళ్ల సీసా అడిగి తీసుకుని, సగం నీళ్లు రాయి మీద పోశాడు. ఆ అమ్మాయి నోరు తెరిచి చూస్తూ ఉండిపోయింది.

"చూడండి, తాగేస్తంది" అన్నాడు.

నిజంగానే తాగేసింది. నీళ్లు జారలేదు. రాయి నల్లబడి, కాసేపటికి మళ్లీ తెల్లబడడం మొదలుపెట్టింది.

"నల్లరాయి మీద పోస్తే జారిపోద్దండీ. ఇది ఇసుకే. ఇసుక గట్టిపడింది, అంతే. ఇసుకలో నీళ్లు పోస్తే ఏమైద్దో ఇక్కడా అదే."

"చెప్తే నమ్మేవాళ్లం కదండీ, నీళ్లెందుకు పారబోయడం" అంది ఆ అమ్మాయి.

"చెప్తే వింటారు. చూస్తే గుర్తుంటదండీ."

ఎడమ పక్కన పది వేశాను. ఒక్క దెబ్బకు పది నేనెప్పుడూ వెయ్యలేదు.

ఇంకొంచెం పైన ఒక పలక ఉంది, పెద్ద అరుగంత. దాని మీద వరసగా అలలు. అందరినీ చెప్పులు విడిచి దాని మీద నిలబడమన్నాడు. డాక్టరు గారు బూట్లు విప్పడానికి మొహమాటపడ్డారు గాని, ఆయన భార్య అప్పటికే ఎక్కేసింది.

"ఏటికి పోయినప్పుడు నీళ్లలో కాళ్ల కింద ఇట్టాగే ఉంటదా లేదా?" అని అడిగాడు. "గుండ్లకమ్మలో ఇప్పుడు పోయి నిలబడినా ఇట్టాగే ఉంటదండీ. ఒకప్పుడు ఇక్కడ నీళ్లు పారినయ్యి. ఆ నీళ్లు ఎటు పోయినయ్యో నాకు తెలవదు. అలలు మాత్రం ఇక్కడే ఉన్నయ్యి."

నేను ఇరవై రెండేళ్లుగా 'అవక్షేప శిలలు' అని బోర్డు మీద రాసి, కింద రెండు గీతలు గీసి, రేపటికి నేర్చుకు రమ్మన్నదాన్ని. వాటి మీద ఒట్టికాళ్లతో నిలబడడం అదే మొదటిసారి. రాయి పొద్దుటి ఎండకు గోరువెచ్చగా ఉంది. నాకు చాలా సంతోషం వేసింది. మా బడి పిల్లలు గుర్తొచ్చి సిగ్గు కూడా వేసింది. నోటు పుస్తకంలో ఏం వెయ్యాలో తోచక కాసేపు ఊరుకుని, తర్వాత ఎడమ పక్కన పన్నెండు వేశాను.

గొడుగులా నిలబడ్డ ఒక రాయి దగ్గర అతను జేబులోంచి మడత పెట్టిన కాగితం తీశాడు. కార్యదర్శి గారు రాసిచ్చింది.

"ఇందులో భీముడు అన్నం ముద్ద ఇక్కడ పెట్టి మర్చిపోయాడని ఉందండీ. చదవమంటే చదువుతా. నాకు తెలిసింది చెప్పమంటే, కింద పొర మెత్తన, పైపొర గట్టి. గాలికి కిందది ముందు అరిగింది."

కార్యదర్శి గారు దూరంగా చూశారు. డాక్టరు గారు, "ఈ రాళ్లకు ఎన్నేళ్లుంటాయి?" అని అడిగారు.

"నాకు తెలవదండీ. మా నాన్నకీ తెలవదు. కాయితంలో కోట్ల ఏళ్లని రాసుంది. అన్ని ఏళ్లంటే ఎంతో నా బుర్రకు అందదు. అందని మాట మీకెట్టా చెప్పేది?"

తెలియనిది తెలియదని చెప్పే పిల్లవాడు నాకు మొత్తం ఉద్యోగంలో ఇద్దరో ముగ్గురో తగిలారు. దానికి ఎనిమిది వేశాను. కాని వెంటనే రెండు తీసేశాను, ఎందుకంటే గాలి సంగతి చెబుతూ మధ్యలో మళ్లీ నీళ్ల సంగతి మొదలెట్టాడు. క్రమం లేదు. ఒక తొండ తల ఆడిస్తూ కనిపిస్తే దాన్ని చూస్తూ మమ్మల్ని మరిచిపోయాడు. డాక్టరు గారి భార్య ఏదో పిట్ట గురించి రెండుసార్లు అడిగితే వినిపించుకోలేదు. అన్నీ రాసుకున్నాను. వాటిలో ఒక్కటి కూడా అబద్ధం కాదు.

మధ్యాహ్నం ఒక రాతి చూరు కింద భోజనాలకు కూర్చున్నాం. పులిహోర, పెరుగన్నం, అరటిపళ్లు. అతను పక్కకు వెళ్లి చేతులు కడుక్కుంటుంటే నేనూ కడుక్కోవడానికి వెళ్లాను. అప్పుడు చూశాను ఆ చేతులు. వేళ్ల సందుల్లో తోలు పొరలుగా లేచి ఉంది. గోళ్ల చుట్టూ పచ్చిగా ఉంది.

"ఏమయిందండీ?" అన్నాను.

"మందు కొట్టి కొట్టి ఇట్టా అయినయ్యండీ. పత్తికీ మిరపకీ మందు కొట్టే కూలికి పోతా. పదిహేనేళ్లయింది. ఇప్పుడు డబ్బా వీపుకెత్తుకుంటే చాలు, ఆ రోజంతా వాంతులు. ఒంగోలు డాక్టరు గారు, ఇంక మందు వాసన చూసినా నిన్ను ఎవరూ బతికించలేరు అన్నాడు." తడి చేతులు దులుపుకుని, "ఈ పని ఇస్తే డబ్బా దించేస్తానండీ" అన్నాడు.

అడుక్కుంటున్నట్టు అనలేదు. అడిగితే చెప్పాడు, అంతే. నేను పుస్తకంలో దీన్ని రాయలేదు. కష్టాన్ని చూసి మార్కులు వేస్తే అది దానమవుతుంది, పరీక్ష కాదు అని నా సిద్ధాంతం. ఎంతోమంది తండ్రులకు చెప్పిన మాటే. అయినా పెరుగన్నం నాకు సరిగా దిగలేదు. ఇతనికి ఈ పని రావాలని ఆ పూట నేను మనస్ఫూర్తిగా కోరుకున్నాను. ఎవరు నమ్మినా నమ్మకపోయినా ఇది నిజం.

మధ్యాహ్నం తర్వాత అతను మమ్మల్ని సానరాయి పొర దగ్గరికి తీసుకెళ్లాడు. గులకరాయితో పొరల మీద ఒక్కో చోట తడుతూ మమ్మల్ని చెవి పెట్టమన్నాడు. ఒకచోట డొల్ల చప్పుడు, ఒకచోట మొద్దు చప్పుడు, ఒకచోట మాత్రం సన్నగా, ఇత్తడి చెంబు మీద గోటితో మీటినట్టు. "ఇదీ మా నాన్న రాయి" అన్నాడు. లెక్కల లెక్చరరు కూడా ఆవలింత మానేసి చెవి పెట్టాడు. అక్కడ తొమ్మిది వేశాను. వీటి మధ్య దారి పొడుగునా నాలుగులూ అయిదులూ వేస్తూనే ఉన్నాను.

నాలుగింటికి గుట్ట దిగాం. అతను వ్యాను దాకా వచ్చి అందరికీ నమస్కారం పెట్టాడు. రోడ్డు మీద టీ కొట్టు దగ్గర ఆగినప్పుడు కార్యదర్శి గారు కాగితాలు పంచారు. వందకు ఎన్ని అని ఒక గడి, అభిప్రాయం అని ఒక గడి.

మిగతా అయిదుగురూ టీ చల్లారే లోపు రాసేశారు. లెక్చరరు తొంభై తొమ్మిది వేశాడు.

"వంద వేస్తే నమ్మరండీ" అన్నాడు. "మా దగ్గర తొంభై వస్తే తల్లిదండ్రులు వచ్చి గొడవకు దిగుతారు, మా వాడికి ఏం చెప్పారని."

నేను పుస్తకం తెరిచి ఎడమ పక్కవి కలిపాను, కుడి పక్కవి తీసేశాను. నా మీద నాకు అనుమానం వచ్చి రెండోసారి లెక్క చూశాను. అరవై ఎనిమిది. నా జీవితంలో ఎవరికీ వెయ్యని మార్కు. అంత గొప్ప మార్కు వేస్తున్నందుకు నాకు కాస్త గర్వంగా కూడా అనిపించింది. అభిప్రాయం గడిలో, "విషయం క్షుణ్ణంగా తెలిసిన మనిషి. క్రమం నేర్చుకోవాలి" అని రాశాను. 'క్షుణ్ణంగా' అన్న మాట నేను ఏ పిల్లవాడి ప్రోగ్రెస్ కార్డు మీదా రాయలేదు.

లెక్చరరు నా భుజం మీద నుంచి చూశాడు.

"అరవై ఎనిమిదా? పాపం, ఏం తప్పు చేశాడండీ?"

"ఫస్ట్ క్లాసు వేస్తే పాపమేమిటండీ?"

"ఈ రోజుల్లో అరవై ఎనిమిదంటే ఫెయిలే మేడం. మార్చండి."

మార్చమని ఎవరైనా అన్నారంటే నా చెయ్యి ఇంకా బిగుసుకుంటుంది. పుట్టుకతో వచ్చిన గుణం. మీ దుకాణంలో లెక్కలు మీవి, నా బడిలో లెక్కలు నావి అన్నాను. ఆయన నొచ్చుకున్నాడు. దుకాణం అనకుండా ఉండాల్సింది. కాగితం నాలుగు మడతలు పెట్టి కార్యదర్శి గారి చేతికిచ్చాను. వ్యాను డ్రైవరు పక్కనే నిలబడి టీ తాగుతూ మా గొడవంతా విన్నాడు.

మూడు వారాల తర్వాత మందుల షాపు ముందు కార్యదర్శి గారు కనిపించారు. గుట్టల సంగతి ఏమయిందని అడిగాను.

"డిగ్రీ కుర్రాణ్ణే తీసుకున్నామండీ. ఒకటో తారీఖు నుంచి వస్తున్నాడు."

"అదేంటి? ఆయనకేం తక్కువ?"

కార్యదర్శి గారు నన్ను వింతగా చూశారు. "డెబ్బై అయిదు లోపు ఒక్కరు వేసినా అది ఫిర్యాదు కిందే లెక్క అని కమిటీలో ముందే అనుకున్నామండీ. కుర్రాడికి అతని వారం వచ్చిన ఆరుగురూ తొంభై పైనే వేశారు. ఈయనకు అయిదుగురు తొంభై అయిదు దాటించారు. మీకంత నచ్చకపోతే ఆ రోజే నాతో ఒక మాట అనాల్సింది. ఏం చేశాడండీ, ఏమైనా పెడసరంగా మాట్లాడాడా?"

షాపు మెట్టు మీద కూర్చుని ఆయనకు అంతా చెప్పాను. అరవై అంటే ఏమిటో, అరవై ఆరు ఎవరికి ఎప్పుడు వేశానో, అరవై ఎనిమిది ఎంత పెద్ద మాటో. ఆయన ఓపిగ్గానే విన్నారు. నా కాగితం తీసి ఇవ్వండి, దిద్దుతాను అన్నాను. తొంభై వేస్తాను, వంద వేస్తాను అన్నాను. నా నోటితో నేను వంద అనడం అదే మొదలు.

"ఒకసారి వేశాక దిద్దితే ఆ మార్కులకు విలువేముంటదండీ? టీచరు గారు, మీకు నేను చెప్పాలా? పైగా కుర్రాడికి ఆర్డరు కూడా ఇచ్చేశాం. ఇప్పుడు అతన్ని ఏమని పొమ్మంటాం?"

ఆయన మాటలో తప్పులేదు. ముప్పై నాలుగు వచ్చిన కొడుకు కోసం పొన్నూరు నుంచి సైకిలు మీద వచ్చి, ఒక్క మార్కు కోసం నా ఇంటి గుమ్మంలో నిలబడ్డ తండ్రితో నేనూ అచ్చంగా ఆ మాటే అన్నాను. అప్పుడు ఆ మాట నాకు న్యాయంగా వినపడింది. ఇప్పుడూ న్యాయంగానే ఉంది. నాకు ఉపయోగపడలేదు, అంతే.

ఆ రాత్రి తిండి తినలేదని, నిద్ర పట్టలేదని రాస్తే అబద్ధమవుతుంది. తిన్నాను, పడుకున్నాను, మర్నాడు బడికి వెళ్లాను. కాని పేపర్లు దిద్దడానికి కూర్చుంటే ఎర్ర పెన్ను మూత తీసి మళ్లీ పెట్టేసేదాన్ని. రెండు ఆదివారాలు వెళదామా వద్దా అని గుంజాటన పడ్డాను. వెళ్లి ఏం చెయ్యగలను? ఉద్యోగం తిరిగి ఇవ్వలేను. అయినా ఆ మార్కు వేసింది నేనని అతనికి నా నోటితో చెప్పాలనిపించింది. నేను దిద్దిన పేపరు మీద నా సంతకం ఉంటుంది. దీని మీదా ఉండాలి కదా అనుకున్నాను.

జనవరి నెలాఖరు ఆదివారం అద్దంకి దాకా బస్సులో వెళ్లి, అక్కడి నుంచి ఆటోలో ఆ ఊరు చేరాను. ఇల్లు కనుక్కుని వెళితే అతని భార్య బయటికి వచ్చింది.

"పొలం పోయాడండీ. గుట్ట కింద మిరపచేలో ఉంటాడు. మీరెవరు?"

"ఆ రోజు గుట్టలు చూడ్డానికి వచ్చినవాళ్లలో నేనొకదాన్ని. బళ్లో టీచర్ని."

ఆవిడ ముఖం విప్పారింది. "టీచరమ్మగారా? కూచోండి, టీ పెడతా."

తర్వాత వస్తానని చెప్పి చేను వైపు నడిచాను. ఆవిడ అంత మర్యాద ఎందుకు చూపించిందో అప్పుడు నాకు అర్థం కాలేదు.

గట్టు మీద నుంచే కనిపించాడు. వీపు మీద డబ్బా, ముక్కుకూ నోటికీ కట్టుకున్న తువ్వాలు, ఒక చేత్తో పంపు కొడుతూ, ఇంకో చేత్తో గొట్టం మొక్కల మీద తిప్పుతూ సాలు వెంబడి వస్తున్నాడు. గాలికి ఆ వాసన నా దాకా వచ్చి గొంతులో దిగింది. ఒంగోలు డాక్టరు మాట గుర్తొచ్చింది. నాకు భయం వేసింది. నన్ను చూసి గుర్తుపట్టి, డబ్బా దించి, తువ్వాలు లాగేసుకుని గబగబా వచ్చాడు. బుగ్గలు లోపలికి పోయి ఉన్నాయి.

"టీచరు గారు, మీరేంటండీ ఇట్టా వచ్చారు?"

నేను మొదలుపెట్టే లోపే అతనే అందుకున్నాడు.

"మీరు నాకు ఫస్ట్ క్లాసు వేశారని వ్యాను డ్రైవరు చెప్పాడండీ. నేను పదోది థర్డ్ క్లాసులో గట్టెక్కినోణ్ణి. ఇంటికెళ్లి చెప్పుకున్నా, టీచరమ్మ నాకు ఫస్ట్ క్లాసు వేసిందని. మా ఆవిడ వీధంతా చెప్పింది. పని రాలేదనుకోండి, అది వేరే సంగతి. ఆ ఆరుగురిలో ఎవరికో నేను నచ్చలేదంట. కార్యదర్శి గారు పేరు చెప్పలేదు. ఎవరికైతే ఏం లెండి."

ఇక్కడితో నమస్కారం పెట్టి వెనక్కి రావచ్చు. ఆ ఆలోచన నాకు వచ్చింది, రాలేదని చెప్పను. అతని ఇంట్లో నాకు టీ కూడా ఉంది.

"ఆ ఒక్కరూ నేనే" అన్నాను. "అరవై ఎనిమిది వేసింది నేనే. డెబ్బై అయిదు లోపు వస్తే ఫిర్యాదని వాళ్లు పెట్టుకున్నారట. నాకు తెలియదు. మిగతా అందరూ తొంభై పైన వేశారు. నా మూలంగానే మీకు ఈ పని పోయింది."

అతను కోపం తెచ్చుకోలేదు. కోపం తెచ్చుకుని ఉంటే నాకు కాస్త తేలికగా ఉండేది. చేతులు లుంగీకి తుడుచుకుంటూ చాలాసేపు ఆలోచించాడు. లెక్క తెగక ఆగిపోయిన మా బడి పిల్లవాళ్లు అచ్చం అలాగే నిలబడతారు.

"అరవై ఎనిమిదంటే ఫస్ట్ క్లాసే కదండీ?" అన్నాడు చివరికి.

"ఫస్ట్ క్లాసే."

"మీరు ఇంతకు ముందు ఎవరికన్నా అంతకంటే ఎక్కువ వేశారా?"

"లేదండీ. ఇరవై రెండేళ్లలో ఎవరికీ వెయ్యలేదు."

అతను తల ఊపాడు. వెనక్కి వెళ్లి తువ్వాలు ముక్కు మీదికి కట్టుకున్నాడు. డబ్బా ఎత్తుకోవడానికి వంగి, నా వైపు చూడకుండానే అన్నాడు.

"ఆ ముక్క కూడా కాయితంలో రాసి ఉండాల్సిందండీ."